వాతావరణ పీడన ప్లాస్మాలో ఎలక్ట్రాన్ సాంద్రత: లేజర్‌తో కొలవడం మొదటి నుంచి చివరి దాకా

ఒక మిల్లీమీటరు వెడల్పున్న ఆర్గాన్ ప్లాస్మా (కొన్ని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువు) జెట్‌ను తీసుకుందాం. మామూలు గది పీడనంలోనే వెలుగుతోంది. అందులో ఘనపు మీటరుకు 10²⁰ ఎలక్ట్రాన్లు ఉన్నాయనుకుందాం. గది ఉష్ణోగ్రత దగ్గర అదే ఘనపు మీటరులో ఆర్గాన్ పరమాణువులు 2.45 × 10²⁵ ఉంటాయి. అంటే దాదాపు రెండున్నర లక్షల పరమాణువులకు ఒక్క ఎలక్ట్రాన్. జెట్ గుండా 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ పంపి, పక్కనుంచి 90 డిగ్రీల కోణంలో చూస్తే, ఒక్కో ఎలక్ట్రాన్ ఒక్కో ఆర్గాన్ పరమాణువు కంటే 147 రెట్లు ఎక్కువ కాంతిని చెదరగొడుతుంది. అయినా మొత్తం మీద పరమాణువుల నుంచి వచ్చే రేలీ కాంతి, ఎలక్ట్రాన్ల నుంచి వచ్చే థామ్సన్ కాంతికి 1,600 రెట్లకు పైగా ఉంటుంది.

ఈ కొలత కష్టమంతా ఆ నిష్పత్తిలోనే ఉంది. 1969లో బ్రిటన్‌లోని కల్హమ్ ప్రయోగశాల బృందం రూబీ లేజర్‌ను మాస్కో తీసుకెళ్లి, టీ-3 టోకమాక్‌లో (అయస్కాంత క్షేత్రంతో వేడి ప్లాస్మాను బంధించే ఫ్యూజన్ పరికరం) ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రతను థామ్సన్ స్కాటరింగ్‌తో కొలిచింది. సోవియట్ శాస్త్రవేత్తలు చెప్పిన ఉష్ణోగ్రతలు నిజమేనని ప్రపంచం నమ్మింది అప్పుడే. టోకమాక్‌లోనూ ఎలక్ట్రాన్లు ఘనపు మీటరుకు 10¹⁹, 10²⁰ స్థాయిలోనే ఉంటాయి. కానీ అక్కడ తటస్థ వాయువు లేదనే చెప్పాలి. మన జెట్‌లో ఎలక్ట్రాన్లు అన్నే, చుట్టూ ఉన్న వాయువు మాత్రం లక్షల రెట్లు. అందుకే ఇక్కడ ఎలక్ట్రాన్ల కాంతిని పట్టడం కన్నా, ఎలక్ట్రాన్లది కాని కాంతిని గుర్తుపట్టి తీసేయడానికే ఎక్కువ శ్రమ పడాలి. కింద చెప్పే ప్రతి అడుగునూ ఆ దృష్టితోనే చదవండి.

ఈ మార్గదర్శి ప్రధానంగా థామ్సన్ స్కాటరింగ్ గురించి. దట్టమైన స్పార్క్‌లు, ఆర్క్‌లు కొలిచేవారి కోసం చివర్లో ఇంటర్‌ఫెరోమెట్రీ (ప్లాస్మా గుండా వెళ్లిన కాంతి దశ ఎంత మారిందో కొలిచే పద్ధతి) గురించి కూడా చెప్పాను.

లేజరే ఎందుకు? ముందు మీ ప్లాస్మా ఏ శ్రేణిలో ఉందో తేల్చుకోండి

తక్కువ పీడనంలో అయితే లాంగ్‌మ్యూర్ ప్రోబ్ (ప్లాస్మాలో పెట్టి కరెంటు కొలిచే లోహపు తీగ) దించితే పని అయిపోతుంది. వాతావరణ పీడనంలో అది కుదరదు. ప్రోబ్ చుట్టూ ఏర్పడే షీత్ అనే పలుచని ఆవేశపు పొరలోనే ఎలక్ట్రాన్లు, అయాన్లు చాలాసార్లు ఢీకొంటాయి కాబట్టి మామూలు ప్రోబ్ సూత్రాలు పనిచేయవు. పైగా మిల్లీమీటరు వెడల్పు జెట్‌లో లోహపు తీగ పెడితే డిశ్చార్జి దాని మీదికే దూకుతుంది. మైక్రోవేవ్ ఇంటర్‌ఫెరోమెట్రీ కూడా ఇబ్బందే. ఆ తరంగాలే మిల్లీమీటర్ల పొడవున ఉంటాయి, ప్లాస్మా అంతకంటే చిన్నది. లేజర్ అయితే ప్లాస్మాను ముట్టుకోకుండా, వంద మైక్రాన్ల ప్రాంతాన్ని కూడా విడిగా చూపిస్తుంది.

అయితే అన్ని జెట్‌లకూ ఇది పనికిరాదు. రేడియో తరంగాలతో నడిచే హీలియం మైక్రో జెట్‌లలో ఎలక్ట్రాన్ సాంద్రత 10¹⁶, 10¹⁷ స్థాయిలో ఉంటుంది. అక్కడ థామ్సన్ కాంతి కోసం రోజుల తరబడి కూర్చున్నా ఫలితం రాదు. వాతావరణ పీడనంలో ఈ పద్ధతికి ఆచరణలో కింది హద్దు సుమారు 10¹⁸ నుంచి 10¹⁹ అనుకోండి. పల్స్ పవర్‌తో నడిచే జెట్‌లు, స్ట్రీమర్‌ల (వాయువులో వేగంగా సాగే సన్నని డిశ్చార్జి చారలు) తలభాగం 10¹⁹, 10²⁰ దగ్గర. మైక్రోవేవ్ ఆర్గాన్ జెట్‌లు 10²⁰, 10²¹ దగ్గర ఉంటాయి. ఈ పద్ధతికి బాగా లొంగేవి ఇవే. స్పార్క్‌లు, వెల్డింగ్ ఆర్క్‌లు 10²³ దాకా, ఆపైకి కూడా వెళ్తాయి. అక్కడ ఇంటర్‌ఫెరోమెట్రీ సులువు.

మీ దగ్గర హీలియం, ఆర్గాన్ రెండూ వాడే అవకాశం ఉంటే హీలియంతో మొదలుపెట్టండి. హీలియం వక్రీభవన గుణకం ఒకటికి చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి దాని రేలీ కాంతి ఆర్గాన్‌తో పోలిస్తే అరవయ్యో వంతు మాత్రమే. పరికరాన్ని సరిచేసుకునే దశలో ఈ తేడా చాలా ఊరటనిస్తుంది.

పరికరాలు కొనే ముందు కాగితం మీద ఫోటాన్ల లెక్క

ఈ లెక్క వేయకుండా ఎవరూ లేజర్‌కు ఆర్డర్ పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

ఎన్‌డీ-యాగ్ లేజర్ రెండో హార్మోనిక్ (దాని 1064 నానోమీటర్ల పరారుణ కాంతి తరంగదైర్ఘ్యాన్ని సగం చేస్తే వచ్చేది), 532 నానోమీటర్లు, పల్స్‌కు 50 మిల్లీజౌళ్లు. అంటే ఒక్కో పల్స్‌లో సుమారు 1.3 × 10¹⁷ ఫోటాన్లు. 90 డిగ్రీల దగ్గర ఎలక్ట్రాన్ డిఫరెన్షియల్ క్రాస్ సెక్షన్ (ఆ దిశలో అది కాంతిని ఎంత చెదరగొడుతుందో చెప్పే కొలత) స్టెరేడియన్‌కు 7.94 × 10⁻³⁰ చదరపు మీటర్లు. ఎలక్ట్రాన్ సాంద్రత 10²⁰, మనం చూసే పొడవు ఒక మిల్లీమీటరు అనుకుందాం. కాంతిని పోగుచేసే లెన్స్ 50 మిల్లీమీటర్ల వ్యాసంతో 200 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే దాని ఘనకోణం 0.049 స్టెరేడియన్. అన్నీ గుణిస్తే పల్స్‌కు దాదాపు 5,200 ఫోటాన్లు లెన్స్‌కు చేరతాయి.

అవన్నీ కెమెరా దాకా రావు. అద్దాలు, గ్రేటింగ్‌లు (కాంతిని రంగులుగా విడదీసేవి), స్లిట్ (కాంతి స్పెక్ట్రోమీటర్‌లోకి వెళ్లే సన్నని చీలిక), కెమెరా క్వాంటమ్ సామర్థ్యం అన్నీ కలిపి రెండు మూడు శాతం మిగిలితే పల్స్‌కు వంద, నూటయాభై. సెకనుకు 10 పల్స్‌ల చొప్పున పది నిమిషాలు నడిపితే 6,000 పల్స్‌లు, అంటే ఆరు నుంచి తొమ్మిది లక్షల ఫోటాన్లు. చక్కటి స్పెక్ట్రమ్ వస్తుంది. అదే సాంద్రత 10¹⁸ అయితే పల్స్‌కు ఒకటో రెండో. పది నిమిషాలు కాదు, గంటలు పడుతుంది. అంతసేపు జెట్, లేజర్ రెండూ కదలకుండా ఉంటాయా అన్నదే అప్పుడు అసలు సమస్య.

లేజర్, ధ్రువణం, ఫోకస్

లేజర్ కిరణం, చూసే దిశ రెండూ క్షితిజ సమాంతరంగా ఉంటే లేజర్ ధ్రువణం నిలువుగా ఉండాలి. ఎలక్ట్రాన్ తాను ఊగే దిశలో కాంతిని వెదజల్లదు. ధ్రువణం పొరపాటున చూసే దిశ వైపు తిరిగితే సిగ్నల్ దాదాపు సున్నా అవుతుంది. లేజర్ తర్వాత ఒక హాఫ్-వేవ్ ప్లేట్, దాని వెనక పోలరైజర్ పెట్టండి. ప్లేటును తిప్పుతూ పల్స్ శక్తిని మార్చుకోవచ్చు. ఈ జంట ముందు ముందు చాలా చోట్ల పనికొస్తుంది.

ఫోకస్ విషయంలో కొత్తవాళ్లు దాదాపు అందరూ కిరణాన్ని వీలైనంత సన్నగా చేయాలనుకుంటారు. అవసరం లేదు. థామ్సన్ సిగ్నల్ పల్స్ శక్తి మీద, చూసే పొడవు మీద ఆధారపడుతుంది. కిరణం మొత్తం స్లిట్‌లో పడుతున్నంతవరకు అది ఎంత సన్నగా ఉందన్నది లెక్కలోకి రాదు. ప్లాస్మాను లేజర్ చెడగొట్టడం మాత్రం శక్తిని వైశాల్యంతో భాగిస్తే వచ్చే సంఖ్య మీద ఆధారపడుతుంది. కాబట్టి పొడవు ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్ తీసుకుని, స్లిట్ వెడల్పు ఒప్పుకున్నంత వదులుగా ఫోకస్ చేయండి. సిగ్నల్ తగ్గదు, ప్లాస్మాకు జరిగే నష్టం తగ్గుతుంది.

ప్లాస్మా దాటిన తర్వాత కిరణం మంచి బీమ్ డంప్‌లోకి పోవాలి. ఛాంబర్ వాడితే కిటికీలను బ్రూస్టర్ కోణంలో (సరైన ధ్రువణం ఉన్న కాంతి ప్రతిబింబించని కోణం) పెట్టి, జెట్‌కు దూరంగా పొడవాటి గొట్టాల చివర బిగించండి. గాజు మీద చెదిరిన ఒక్క ఆకుపచ్చ మెరుపు చాలు, స్పెక్ట్రమ్ మధ్యభాగం పాడవడానికి.

భద్రత

ఇది నాలుగో తరగతి లేజర్. ఒక్క పల్స్ ప్రతిబింబం కంట్లో పడినా చూపు శాశ్వతంగా పోతుంది. 532తోపాటు 1064 నానోమీటర్లకు కూడా రక్షణ ఇచ్చే కళ్లద్దాలు వాడండి. పరారుణ కాంతి కంటికి కనిపించదు కాబట్టి అదే ఎక్కువ ప్రమాదకరం. తలుపుకు ఇంటర్‌లాక్ ఉండాలి. ఉంగరాలు, గడియారాలు తీసి పక్కన పెట్టాలి. అలైన్‌మెంట్ ఎప్పుడూ అతి తక్కువ శక్తితోనే. గాలిలో నడిచే ప్లాస్మా ఓజోన్, నైట్రోజన్ ఆక్సైడ్లను తయారుచేస్తుంది. ఎగ్జాస్ట్ లేని గదిలో గంటల తరబడి కొలతలు తీయకండి. స్కాలర్లు రాత్రిపూట ఒంటరిగా ఈ ప్రయోగం నడపడాన్ని నేను ఏ ల్యాబ్‌లోనూ ఒప్పుకోను.

రేలీ కాంతిని ఆపడం

ఇక్కడ మనకు సాయపడేది ఎలక్ట్రాన్ల వేగం. భారమైన ఆర్గాన్ పరమాణువులు నెమ్మదిగా కదులుతాయి కాబట్టి వాటి కాంతి 532 నానోమీటర్ల దగ్గర సన్నని గీతలా ఉంటుంది. ఎలక్ట్రాన్లు సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో ఉరుకుతాయి, డాప్లర్ ప్రభావం వల్ల వాటి కాంతి రెండు పక్కలకూ పరుచుకుంటుంది. ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ (దాదాపు 11,600 కెల్విన్లు) అయితే, 90 డిగ్రీల దగ్గర ఆ గాసియన్ వక్రం సగం ఎత్తు దగ్గర సుమారు 2.5 నానోమీటర్ల వెడల్పు ఉంటుంది. మధ్యలో ఉన్న గీతను తీసేసి పక్కల మిగిలినదాన్ని కొలవడమే మన పని.

దానికి పాత, నమ్మకమైన దారి ట్రిపుల్ గ్రేటింగ్ స్పెక్ట్రోమీటర్. మొదటి గ్రేటింగ్ రంగులను విడదీస్తుంది. ఆ విడిపోయిన ప్రతిబింబం మధ్యలో సరిగ్గా 532 పడేచోట సన్నని లోహపు పట్టీ అడ్డంగా ఉంటుంది. రెండో గ్రేటింగ్ రంగులను మళ్లీ కలిపేస్తుంది. మిగిలిన కాంతిని మూడోది విడదీసి కెమెరాకు ఇస్తుంది. ఇందులో పట్టీ చెరో వైపు సుమారు అర నానోమీటరు మేర కాంతిని మింగేస్తుంది. ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ ప్లాస్మాకు ఇది పెద్ద నష్టం కాదు. డిశ్చార్జి ఆరిపోయిన తర్వాత ఎలక్ట్రాన్లు 0.2 ఎలక్ట్రాన్ వోల్ట్‌కు చల్లబడితే మాత్రం థామ్సన్ వక్రంలో పెద్ద భాగం ఆ పట్టీ వెనకే దాగిపోతుంది.

రెండో దారి వాల్యూమ్ బ్రాగ్ గ్రేటింగ్ నాచ్ ఫిల్టర్లు. ఇవి అర నానోమీటరు కన్నా బాగా సన్నని పట్టీనే ఆపుతాయి. ఒక్కోటి రేలీ కాంతిని వెయ్యో వంతుకో, ఇంకా తక్కువకో తగ్గిస్తుంది. ఫిల్టర్ తర్వాత మామూలు స్పెక్ట్రోమీటర్ ఒకటి చాలు కాబట్టి కాంతి నష్టం కూడా తక్కువ. చిక్కేమిటంటే, కాంతి సమాంతర కిరణాలుగా, సరైన కోణంలో ఫిల్టర్‌ను చేరాలి. కోణం ఏ కాస్త తప్పినా రేలీ కాంతి దూసుకొస్తుంది. కొత్తగా పరికరం కట్టేవారికి నేను ఈ ఫిల్టర్లనే సూచిస్తాను. చల్లని ఎలక్ట్రాన్లను కూడా చూడగలగడం వాటి పెద్ద బలం.

ఏది వాడినా, కాంతిని పోగుచేసే దారిలో ఒక పోలరైజర్ పెట్టండి. థామ్సన్ కాంతి ధ్రువణం కలది, ప్లాస్మా సొంత వెలుగు కాదు. ఆ వెలుగులో సగం అక్కడే పోతుంది.

అలైన్‌మెంట్, టైమింగ్

జెట్ ఉండాల్సిన చోట ఒక సన్నని సూదిని నిలబెట్టండి. లేజర్‌ను అతి తక్కువ శక్తిలో ఉంచి కిరణం సూది మొనకు తగిలేలా చేయండి. ఆ మెరుపు ప్రతిబింబం స్లిట్ మధ్యలో పడేదాకా లెన్స్‌లను సర్దండి. సూదిని కిరణం వెంట అటూ ఇటూ జరిపితే ప్రతిబింబం స్లిట్ పొడవునే కదలాలి. అలా కదలకపోతే స్లిట్, కిరణం ఒక వరసలో లేవని అర్థం. ఇది సరిగ్గా కుదిరితే ఒకే ఫోటోలో అడ్డంగా తరంగదైర్ఘ్యం, నిలువుగా జెట్‌లో స్థానం వస్తాయి. అంటే జెట్ వెడల్పు మొత్తానికీ సాంద్రత చిత్రం ఒక్కసారే దొరుకుతుంది.

గేట్ (నానోసెకన్లలో తెరిచి మూసే ఎలక్ట్రానిక్ షట్టర్) ఉన్న ఇంటెన్సిఫైడ్ కెమెరా తప్పనిసరి. లేజర్ పల్స్ 5 నుంచి 8 నానోసెకన్లు ఉంటుంది, గేటును 10 నుంచి 20 నానోసెకన్లకు కుదించండి. గేట్ ఎంత చిన్నదైతే ప్లాస్మా సొంత వెలుగు అంత తక్కువ. పల్స్ ప్లాస్మాల్లో అన్నిటికీ ఒకే గడియారం ఉండాలి. డిలే జనరేటరే లేజర్ ఫ్లాష్‌ల్యాంప్, క్యూ-స్విచ్ (లేజర్ పల్స్‌ను విడుదల చేసేది), హై వోల్టేజ్ స్విచ్, కెమెరా నాలుగింటినీ నడపాలి. స్ట్రీమర్ ప్రతిసారీ కొన్ని నానోసెకన్లు ముందూ వెనకా పుడుతుంటే మీరు కొలిచేది సగటు మాత్రమే. అప్పుడు ప్రతి పల్స్‌కూ కరెంటు సిగ్నల్‌ను రికార్డు చేసి, దాని ప్రకారం ఫోటోలను వేరుచేయాలి. హై వోల్టేజ్ పల్స్‌ల నాయిస్ ట్రిగ్గర్ కేబుళ్లలోకి ఎక్కి కెమెరా తప్పుడు సమయంలో తెరుచుకోవడం మామూలుగా ఎదురయ్యే ఇబ్బంది. ట్రిగ్గర్‌కు ఫైబర్ ఆప్టిక్ వాడితే ఆ గొడవ ఉండదు.

క్యాలిబ్రేషన్: రామన్ కాంతి

కెమెరా చూపేది కౌంట్‌లు. వాటిని ఎలక్ట్రాన్ల సంఖ్యగా మార్చాలంటే, సంఖ్య ముందే తెలిసిన వాటితో పోల్చాలి. ఒక దారి చల్లని ఆర్గాన్ రేలీ కాంతి. 532 నానోమీటర్ల దగ్గర ఆర్గాన్ క్రాస్ సెక్షన్ స్టెరేడియన్‌కు 5.4 × 10⁻³² చదరపు మీటర్లు. ఉదాహరణకు థామ్సన్ మొత్తం కాంతి చల్లని ఆర్గాన్ రేలీ కాంతిలో రెండువేలో వంతు అయితే, 2.45 × 10²⁵ను 147తో, తర్వాత 2,000తో భాగించాలి. ఘనపు మీటరుకు 8.3 × 10¹⁹ ఎలక్ట్రాన్లు అని తేలుతుంది.

కానీ రేలీ కాంతి కూడా, అద్దాలూ గోడల మీద చెదిరిన కాంతి కూడా ఒకే తరంగదైర్ఘ్యంలో ఉంటాయి. రెండూ కలిసిపోతే తెలియదు. పైగా దాన్ని ఆపడానికే కదా ఫిల్టర్ పెట్టింది. అందుకే చాలామంది రామన్ దారిని ఎంచుకుంటారు. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ 1928లో కలకత్తాలో కనుగొన్న ప్రభావమే ఇది. నైట్రోజన్ అణువులు తిరుగుతూ కాంతిని చెదరగొట్టినప్పుడు 532కు రెండు పక్కలా దాదాపు 0.23 నానోమీటర్ల ఎడంతో గీతల వరస వస్తుంది, ఒక గీత బలంగా, తర్వాతిది బలహీనంగా. ఆ కాంతి మూల తరంగదైర్ఘ్యానికి పక్కగా ఉంటుంది కాబట్టి గోడల మీద చెదిరిన కాంతితో కలవదు, ఫిల్టర్ దాన్ని ఆపదు.

ప్లాస్మా ఆపేసి, అదే చోట అదే లేజర్ శక్తితో స్వచ్ఛమైన నైట్రోజన్ వదలండి. పీడనం, ఉష్ణోగ్రత రాసుకోండి. రొటేషనల్ స్థాయి 6 నుంచి 8కి వెళ్లే గీతకు క్రాస్ సెక్షన్ స్టెరేడియన్‌కు సుమారు 3.8 × 10⁻³⁴ చదరపు మీటర్లు. ఇలా ప్రతి గీతకూ క్రాస్ సెక్షన్‌ను ఆ స్థాయిలో ఉన్న అణువుల వాటాతో గుణించి, మొత్తం కూడి, స్పెక్ట్రమ్‌తో సరిపోల్చండి. ఒక్క గీత మీద ఆధారపడకండి. గీతలన్నీ కలిపి ఫిట్ చేస్తే పరికరం తరంగదైర్ఘ్య స్కేలు, స్పెక్ట్రల్ వెడల్పు కూడా దాంతోపాటే తెలుస్తాయి.

కొలత

నాలుగు సెట్లు తీయాలి: లేజర్, ప్లాస్మా రెండూ ఉన్నది, ప్లాస్మా మాత్రమే, లేజర్ మాత్రమే, రెండూ లేనిది. రెండూ ఉన్నదాని నుంచి ప్లాస్మా వెలుగును నేరుగా తీసేయవచ్చు. లేజర్ మాత్రమే ఉన్న సెట్‌ను మాత్రం నేరుగా తీసేయకండి. ప్లాస్మా వెలిగినప్పుడు వాయువు వేడెక్కి పలచబడుతుంది, రేలీ కాంతి తగ్గుతుంది. చల్లని వాయువు కాంతిని మొత్తం తీసేస్తే మధ్యలో ఎలక్ట్రాన్ల కాంతి కూడా కొంత పోతుంది. ఎంత తగ్గిందో విడిగా కొలవండి. ఫిల్టర్ పక్కకు జరిపి రేలీ కాంతిని వేడిగా ఒకసారి, చల్లగా ఒకసారి కొలిస్తే, వాటి నిష్పత్తే వాయువు ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో చెబుతుంది. వేరే ప్రయోగం చేయకుండానే దొరికే సమాచారం అది, వదులుకోవద్దు.

బయట గాలిలో నడిచే జెట్‌లకు మరో బెడద దుమ్ము. ఒక్క ధూళి కణం కిరణంలోకి వస్తే అది వెదజల్లే కాంతి ముందు వేల ఎలక్ట్రాన్ల కాంతి కూడా కనిపించదు. అందుకే ఫోటోలన్నీ కెమెరా మీదే కలిపేయకుండా చిన్న చిన్న సెట్లుగా దాచుకోండి. మామూలు కన్నా అసాధారణంగా ఎక్కువ కాంతి ఉన్న సెట్లను తీసేయండి. ఆ హద్దు ఎక్కడ పెట్టారో రాసిపెట్టుకోండి.

గాలి కలిసిన జెట్‌లలో రామన్ కాంతి మళ్లీ ఎదురొస్తుంది, ఈసారి సాయంగా కాదు, అడ్డంగా. గది ఉష్ణోగ్రతలో మామూలు గాలి ఇచ్చే రామన్ కాంతి మొత్తం 10²¹ స్థాయి ఎలక్ట్రాన్ల థామ్సన్ కాంతికి సాటి వస్తుంది. అది పడేది కూడా సరిగ్గా థామ్సన్ వక్రం ఉన్నచోటే. జెట్ కొస నుంచి కొన్ని మిల్లీమీటర్లు దాటితే చాలు, చుట్టుపక్కల నైట్రోజన్, ఆక్సిజన్ లోపలికి చొరబడతాయి. ఇక్కడ రామన్‌ను తీసివేయాలని చూడకుండా, థామ్సన్‌కు ఒక గాసియన్, నైట్రోజన్‌కు ఒక గీతల వరస, ఆక్సిజన్‌కు మరొకటి కలిపి ఒకేసారి ఫిట్ చేయాలి. గీతలు గరుకుగా, గాసియన్ నున్నగా ఉంటాయి కాబట్టి వేరుచేయవచ్చు. ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం బృందం 2012లో ఈ పద్ధతిని మైక్రోవేవ్ జెట్ మీద చేసి చూపింది. దీనికి స్పెక్ట్రోమీటర్ విభేదన శక్తి 0.2 నానోమీటర్ల కన్నా మెరుగ్గా ఉండాలి. లేకపోతే గీతలు కలిసిపోయి, అవీ గాసియన్‌లాగే కనిపిస్తాయి.

లేజరే ప్లాస్మాను మారుస్తోందా?

ఈ పరీక్ష లేకుండా వచ్చిన ఏ అంకెనూ నేను నమ్మను. లేజర్ మూడు రకాలుగా ప్లాస్మాను చెడగొట్టగలదు.

మొదటిది, ఎలక్ట్రాన్లు పరమాణువులను, అయాన్లను ఢీకొంటూ లేజర్ కాంతిని పీల్చుకుని వేడెక్కుతాయి. దీన్ని ఇన్వర్స్ బ్రెమ్‌స్ట్రాలుంగ్ అంటారు. వాతావరణ పీడనంలో ఢీకొనడాలు ఎక్కువ కాబట్టి ఇదీ ఎక్కువే. రెండోది, కొత్త ఎలక్ట్రాన్లు పుట్టడం. ఆర్గాన్ మెటాస్టేబుల్ పరమాణువులు (కాంతిని వెంటనే వదలకుండా చాలాసేపు ఉత్తేజిత స్థితిలోనే ఉండేవి) 11.55 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల స్థాయిలో ఉంటాయి, అయనీకరణకు 15.76 కావాలి. ఒక్కోటి 2.33 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల ఫోటాన్లు రెండు చాలు ఆ తేడాను పూరించడానికి. మూడోది, గాలి కలిసినచోట నెగటివ్ అయాన్లు. ఆక్సిజన్ పరమాణువు తన అదనపు ఎలక్ట్రాన్‌ను 1.46 ఎలక్ట్రాన్ వోల్ట్‌లతో, ఆక్సిజన్ అణువు అయితే కేవలం 0.45తో పట్టుకుని ఉంటాయి. ఒకే ఒక్క ఆకుపచ్చ ఫోటాన్ రెండింటినీ ఊడబీకుతుంది. అప్పుడు మీరు కొలిచేది లేజరే విడిపించిన ఎలక్ట్రాన్లను.

పరీక్ష ఇలా చేయండి. హాఫ్-వేవ్ ప్లేట్ తిప్పుతూ పల్స్ శక్తిని అయిదారు మెట్లలో మార్చండి, ప్రతిచోటా సాంద్రత, ఉష్ణోగ్రత లెక్కకట్టండి. రెండూ శక్తితో మారకపోతే నిశ్చింత. ఉష్ణోగ్రత పెరిగితే ఎలక్ట్రాన్లు వేడెక్కుతున్నట్టు, సాంద్రత పెరిగితే కొత్త ఎలక్ట్రాన్లు పుడుతున్నట్టు. పెరుగుదల సరళరేఖలా ఉంటే సున్నా శక్తికి పొడిగించి చదవవచ్చు. వంపు తిరిగితే పొడిగింపు నమ్మదగినది కాదు, ఫోకస్ వదులు చేసి మళ్లీ మొదలుపెట్టాలి. జెట్‌లో ఒకచోట ఈ పరీక్ష నెగ్గినంత మాత్రాన అంచుల దగ్గరా నెగ్గినట్టు కాదు. మెటాస్టేబుల్స్, నెగటివ్ అయాన్ల వాటా చోటును బట్టి మారుతుంది కాబట్టి కనీసం మధ్యలో ఒకసారి, అంచున ఒకసారి చేయండి.

లెక్క

ముందుగా స్పెక్ట్రమ్‌ను ఇలా గీయండి: అడ్డంగా 532 నుంచి దూరం వర్గం, నిలువుగా కాంతి తీవ్రత లాగరిథమ్. ఎలక్ట్రాన్ల వేగాలు మాక్స్‌వెల్ పంపిణీలో (ఉష్ణ సమతాస్థితిలో ఉండే పంపిణీ) ఉంటే అది సరళరేఖ అవుతుంది. మధ్యలో పైకి లేస్తే రేలీ కాంతి ఇంకా కారుతోందని అనుమానించండి. చివర్లలో వంగితే బ్యాక్‌గ్రౌండ్ సరిగ్గా తీయలేదేమో చూడండి. అవన్నీ సరే అన్నాకే పంపిణీ మాక్స్‌వెల్ కాదేమోనని ఆలోచించండి. గాసియన్ ఫిట్‌లో, ఎత్తు దాదాపు 37 శాతానికి పడిపోయే చోటికి మధ్య నుంచి ఉన్న దూరాన్ని నానోమీటర్లలో తీసుకుని వర్గం చేసి 5,238తో గుణిస్తే ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత కెల్విన్లలో వస్తుంది. ఈ సంఖ్య 532 నానోమీటర్లకు, 90 డిగ్రీలకు మాత్రమే. గాసియన్ కింద మొత్తం వైశాల్యం, రామన్ క్యాలిబ్రేషన్ కలిపితే సాంద్రత.

ఒక జాగ్రత్త. ఆల్ఫా అనే ఒక అంకెను లెక్కకట్టి చూసుకోండి. ప్లాస్మా డిబై పొడవు (ఒక ఆవేశం ప్రభావం చుట్టూ ఎంత దూరం దాకా తెలుస్తుందో చెప్పేది), స్కాటరింగ్ వేవ్ వెక్టర్ (లేజర్ తరంగదైర్ఘ్యం, చూసే కోణం నుంచి వచ్చేది) రెండింటి లబ్ధాన్ని తిరగేస్తే అది వస్తుంది. ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గర సాంద్రత 10²⁰ అయితే ఆల్ఫా 0.08, అక్కడ గాసియన్ చాలు. 10²¹ దగ్గర 0.25, గాసియన్‌తో తీసిన సాంద్రత ఆరు శాతం దాకా తక్కువ చూపుతుంది. 10²² దగ్గర 0.8, ఎలక్ట్రాన్లు విడివిడిగా కాక మూకుమ్మడిగా స్పందిస్తాయి, వక్రం ఆకారమే మారుతుంది. 1960లో భౌతిక శాస్త్రవేత్త ఎడ్విన్ సాల్పీటర్ ఇచ్చిన సూత్రంతో ఫిట్ చేయాలి. అప్పుడు సాంద్రత వక్రం ఆకారం నుంచే దొరుకుతుంది.

దట్టమైన ప్లాస్మాలకు ఇంటర్‌ఫెరోమెట్రీ

స్పార్క్, ఆర్క్, లేజర్‌తో గాలిలో పుట్టించే ప్లాస్మా లాంటివాటికి ఈ దారి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చాలాకాలంగా పరిశోధనలు జరుగుతున్న లేజర్ ప్లాస్మాలు ఈ కోవలోవే. ఎలక్ట్రాన్లు కాంతి దశను ముందుకు జరుపుతాయి. ఆ జరుగుదల తరంగదైర్ఘ్యానికి, దారి పొడవునా ఉన్న ఎలక్ట్రాన్ల మొత్తానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఒక మిల్లీమీటరు దారిలో సాంద్రత 10²³ అయితే 532 దగ్గర 0.15 రేడియన్, 1064 దగ్గర 0.3. తేలిగ్గానే కనిపిస్తుంది. 10²¹ అయితే 532 దగ్గర 0.0015 మాత్రమే.

ఇక్కడా అడ్డుపడేది తటస్థ వాయువే. అదే మిల్లీమీటరు ఆర్గాన్ 300 నుంచి 330 కెల్విన్‌కు వేడెక్కితే చాలు, 532 దగ్గర దశ పావు రేడియన్‌కు పైగా మారుతుంది. అది కూడా ఎలక్ట్రాన్లు మార్చే వైపే. ఒకే రంగుతో కొలిస్తే వేడి వాయువును ఎలక్ట్రాన్లుగా లెక్కపెట్టేస్తారు. అందుకే రెండు రంగులు కావాలి. ఎలక్ట్రాన్ల ప్రభావం తరంగదైర్ఘ్యంతో పెరుగుతుంది, వాయువుది తగ్గుతుంది. ఒకే లేజర్ నుంచి వచ్చే 1064, 532 కిరణాలను ఒకే దారిలో పంపి, రెండు దశలనూ ఒకేసారి కొలవండి. ప్రతి దశనూ దాని తరంగదైర్ఘ్యంతో గుణించి తేడా తీస్తే వాయువు భాగం పోతుంది. ఆ తేడాను తరంగదైర్ఘ్యాల వర్గాల తేడాతో, ఎలక్ట్రాన్ క్లాసికల్ వ్యాసార్థం 2.818 × 10⁻¹⁵ మీటర్లతో భాగిస్తే దారి పొడవునా ఎలక్ట్రాన్ల మొత్తం వస్తుంది. అయితే గాలి వక్రీభవనం రెండు రంగులకూ సరిగ్గా ఒకటి కాదు, ఒకటిన్నర శాతం దాకా తేడా ఉంటుంది. వాయువు భాగం చాలా పెద్దదైతే ఆ తేడాను కూడా లెక్కలో కలపాలి.

తక్కువ సాంద్రతలకు 10.6 మైక్రాన్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్ మేలు. 10²¹ దగ్గర మిల్లీమీటరుకు 0.03 రేడియన్ వస్తుంది, అదే 30 కెల్విన్ల వేడి 0.014 మాత్రమే ఇస్తుంది. హెటెరోడైన్ పద్ధతిలో (కాస్త వేరే పౌనఃపున్యం ఉన్న కిరణంతో కలిపి దశను కొలవడం) ఇది కొలవదగినదే.

ఇంటర్‌ఫెరోమెట్రీ ఇచ్చేది దారి మొత్తం కూడిక. ఒక్కో చోట సాంద్రత కావాలంటే ఏబెల్ ఇన్వర్షన్ (దారి మొత్తం కూడికల నుంచి ఒక్కో వ్యాసార్థం దగ్గరి విలువను తీసే గణితం) చేయాలి, దానికి ప్లాస్మా గుండ్రంగా, సౌష్ఠవంగా ఉండాలి. మెలికలు తిరిగే స్పార్క్‌కు అది పనికిరాదు.

మరో పద్ధతితో సరిచూసుకోవడం

వాయువులో కొద్దిగా హైడ్రోజన్ కలిపి 486.1 నానోమీటర్ల హెచ్-బీటా అనే హైడ్రోజన్ గీత వెడల్పు చూడండి. సాంద్రత 10²¹ దగ్గర స్టార్క్ ప్రభావం (చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు, అయాన్ల విద్యుత్ క్షేత్రం వల్ల కలిగేది) ఆ గీతను దాదాపు 0.2 నానోమీటర్లు వెడల్పు చేస్తుంది. 10²⁰ దగ్గర అది 0.04కు పడిపోతుంది. చల్లని ఆర్గాన్‌లో వాన్ డర్ వాల్స్ ప్రభావమే (చుట్టూ ఉన్న తటస్థ పరమాణువుల వల్ల కలిగేది) 0.1 ఇస్తుంది కాబట్టి ఆ కింద ఈ సరిచూపు మీద ఆధారపడకూడదు.

రెండు పద్ధతులూ రెండు రెట్ల లోపు తేడాతో కలిస్తే కంగారు పడనక్కరలేదు. స్టార్క్ కొలత చూసే దారి మొత్తంలో ఎక్కువగా వెలిగే భాగాన్నే చూపుతుంది, థామ్సన్ కిరణం ఉన్న ఒక్క చోటునే చూపుతుంది. పది రెట్లు తేడా వస్తే ముందు లేజర్ శక్తి పరీక్షను, ఆ తర్వాత రామన్ క్యాలిబ్రేషన్ రోజు నైట్రోజన్ పీడనాన్ని, ఉష్ణోగ్రతను మళ్లీ చూడండి. ఫలితాన్ని రాసేటప్పుడు సాంద్రతతో పాటు పల్స్ శక్తి, ఫోకస్ దగ్గర కిరణం వ్యాసం, గేట్ పొడవు, కలిపిన పల్స్‌ల సంఖ్య, క్యాలిబ్రేషన్ వాయువు వివరాలు కూడా ఇవ్వండి. ఇవి లేకుండా మరో ల్యాబ్‌లో ఎవరూ మీ అంకెను సరిచూడలేరు.